వాల్తేరు దాకా పలికే ఫోను

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఎవరి నంబరూ గుర్తుండదు. పేరు నొక్కితే చాలు, దేశం కోడూ ఊరి కోడూ ఫోనే చూసుకుంటుంది. నాకు మాత్రం పాత నంబర్లన్నీ నోటికొచ్చు. చదివింది ఐదో తరగతే గానీ, ఒకసారి విన్న అంకె నా బుర్రలోంచి పోదు. మస్కట్‌లో మా చెల్లి ఉన్న నర్సుల హాస్టల్ నంబరు మొదట్లో ఆరంకెలుండేది. తర్వాత ఆ దేశంవాళ్ళు ముందర ఇంకో రెండు తగిలించి ఎనిమిది చేశారు. బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లోనూ ఐదంకెల నంబర్ల ముందు రెండు అనే అంకె ఒకటి వచ్చి కూర్చుంది. జనం పెరిగితే నంబరు కూడా పొడుగవుతుందన్నమాట. దానికే ఆశ్చర్యపోయాను గానీ, నన్ను ఉన్నచోటే నిలబెట్టేసిన సంగతి అంతకు చాలా ముందు జరిగింది, చెల్లి వెళ్ళిన కొత్తలో.

అది మస్కట్ వెళ్ళడం అమ్మకి ఇష్టం లేదు. బయల్దేరిన రోజు స్టేషనుకి రాలేదు సరికదా, వంటింట్లోంచే రాలేదు. చెల్లి పిలుస్తూ నిలబడితే వెనక్కి తిరక్కుండా గిన్నెలు తోముతూ కూర్చుంది. తీరా రిక్షా వచ్చాక లోపల్నుంచి నామీద కేకేసింది.

"మీ నాన్న ఫోన్ నంబరు రాసియ్యే దానికి!"

నాన్న ఫోనంటే ఆయన పనిచేసే రైల్వే వర్క్‌షాపు ఆఫీసులోది. ఇంట్లో మాకు ఫోను లేదు. పలాసలో మామ్మకి జబ్బు చేస్తే, స్టేషన్లో పనిచేసే మావయ్య ఆ ఫోనుకే కబురు చెప్పాడు. మా దృష్టిలో లోకంలో ఫోనంటే అదే. నాలుగే అంకెలు. ఎస్టీడీ బూత్ బోర్డు మీద చూసి గుర్తుపెట్టుకున్న మన దేశం కోడూ, ఖరగ్‌పూర్ కోడూ ముందు పెట్టి, ఆ నాలుగూ కింద రాసి చెల్లి చేతిలో పెట్టాను.

నెలన్నర గడిచింది. నాన్న డ్యూటీ దిగి రాగానే, సైకిలు స్టాండు వెయ్యకుండానే అమ్మ ఎదురెళ్ళేది.

"మోగినాదేటి?"

"మోగినాది. నాకోసం కాదు."

చివరికి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. "అక్కా, ప్రతి శుక్రవారం చేస్తున్నాను. ఒక్కసారీ కలవలేదు. ఇది దొంగ నంబరని ఇక్కడి మలయాళీ పిల్లంటోంది. అమ్మ కావాలనే తప్పు నంబరు ఇప్పించిందా? అంత కోపమా నామీద?"

"దొంగ నంబరేటే?" అమ్మ వంకాయ కోస్తున్న చెయ్యి ఆపేసింది. "కన్నతల్లి దొంగ నంబరిత్తాదేటి?"

నాన్నకి రోషం వచ్చింది. "ఆ ఫోన్లో వాల్తేరు పలుకుతాది, ఖుర్దా పలుకుతాది. మస్కట్‌కేటి రోగం?"

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు సాయంత్రం, "పద, దాంతో నేనే మాటాడతాను" అని చెప్పులేసుకుంది. హాస్టల్ నంబరు ఉత్తరం అడుగున ఉంది. మా ఇల్లున్న ఝపటాపూర్ నుంచి మలంచా రోడ్డు మీది బూత్‌దాకా ఇద్దరం నడిచాం. బూత్ నడిపేది ఒక బెంగాలీ దాదా. రోజూ మా తెలుగువాళ్ళతో వాగి వాగి తెలుగు పట్టేశాడు గానీ, అమ్మని పిన్నీ అనకుండా వాళ్ళ భాషలో మాసీమా అనేవాడు. చెల్లికి ఏ నంబరిచ్చామో చెప్పగానే నవ్వాడు.

"మాసీమా, ఎ తో రైల్ కా నంబర్! రైలు తీగె వేరే, ఊరి తీగె వేరే. ఈ నంబరు బయట దునియాకి తెలీదు."

"అదేటి బాబూ, మా ఆయన వాల్తేరుతోటి మాటాడతాడు గదా."

"మాటాడతారు. పట్టాలున్నంత దూరం మాటాడతారు. మస్కట్‌కి పట్టాలు లేవు కదా మాసీమా."

పుట్టినప్పట్నుంచీ మేము తిరుగుతున్న ఊళ్ళోనే ఇంకో దేశం ఉంది. దాని నంబర్లు దానివి, దాని తీగెలు దానివి. బయటివాడు ఎన్ని అంకెలు తిప్పినా మా నాన్న బల్ల దగ్గరికి రాలేడు.

దాదా ముందు రెండు సున్నాలు నొక్కాడు.

"ఇజీనగరం చేస్తే ఒక సున్నాయే గదా?" అంది అమ్మ.

"ఒక సున్నా ఊరు దాటడానికి. రెండు సున్నాలు దేశం దాటడానికి."

"మరి అది మనకి చేస్తే ఊరి కోడు ముందర సున్నా?"

"అక్కర్లేదు. బయటున్న మనిషి మళ్ళీ బయటికి రావాలా ఏంటి?"

తర్వాత ఆ దేశం కోడు తొమ్మిది ఆరు ఎనిమిది, ఆపైన చెల్లి ఆరంకెలు. గోడమీద దేశాల కోడ్ల పట్టిక అంటించి ఉంది. అమెరికాకి ఒకటే అంకె. మనకి రెండు. నేపాల్‌కి మూడు. భూమ్మీద ఇన్ని ఇళ్ళుండగా, ఒక ఇంటికి చేస్తే ఇంకో ఇంట్లో మోగకుండా ఎవరు కూర్చుని పంచారో! దేవుడు కూడా మొహాలు పంచేటప్పుడు అంత జాగ్రత్త పడలేదు, కవలల్ని ఒక్కలాగే వదిలేశాడు.

అవతల ఎవరో ఎత్తి చెల్లిని పిలిచారు. దాదా రిసీవరు ఇచ్చేసి అద్దం తలుపు అవతలికి వెళ్ళాడు, అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నేను చెవి ఆనించాను.

"నేనేనే," అంది అమ్మ. "అది దొంగ నంబరు కాదే. రైలుదంట. బయటోళ్ళకి అందదంట. నాకేటి తెలుసు? నాకు తెలిసిన ఫోను అదొక్కటే గదే."

అవతల చెల్లి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతు.

"నువ్వే వచ్చినావేటమ్మా మలంచాకి?"

"నడిసొచ్చినాను. మీ అక్క ఆటో ఎక్కుదామంది గానీ, ఆటోల్లో కుదుపుకి నాకు మాటలు మర్సిపోతాయి."

"ఏ మాటలు?"

అద్దం తలుపు అవతల దాదా మొహం తిప్పేసుకున్నాడు.

"కోపం పోయినాదా అమ్మా?" అంది చెల్లి మెల్లగా.

"ఎల్లిరామ్మా," అంది అమ్మ.

"వచ్చేసి నెలన్నరయినాది గదమ్మా!"

"ఆవేళ నేననలేదు గదే. ఇప్పుడంటన్నాను. జాగర్తగా ఎల్లిరా."

అవతలి నుంచి, సముద్రం మీదుగా, పక్కగదిలోంచి పలికినంత దగ్గరగా వినిపించింది.

"ఎల్లొత్తానమ్మా."