ఉత్త కత్తెర, పెండ్లి కార్డులు

దర్జీ ఇంట్లో ఎవరూ ఉత్త కత్తెర ఆడించరు. మధ్యలో గుడ్డ ఉంటేనే కత్తెర కదలాలి. ఊరికే టకటకలాడిస్తే ఇంట్లో కొట్లాటలు వస్తాయని, ఎవరిదో ఆయుష్షు తెగుతుందని మా మామగారు చెప్పేవారట. పెళ్లై వచ్చిన కొత్తలో నేను ఒకసారి అలా ఆడిస్తే మా ఆయన మిషన్ ఆపి, "జర కింద పెట్టు" అన్నాడు. కోపంగా అనలేదు. వేడి గిన్నె ముట్టుకోబోయే పిల్లను ఆపినట్టు అన్నాడు. నాకు శకునాల మీద నమ్మకం తక్కువ, నోరు ఎక్కువ. అయినా ఆ ఒక్క నియమం మాత్రం పాటించాను.

మాది షాద్‌నగర్. మా ఆయన పుట్టింది కట్టంగూర్ పక్క పల్లెలో. తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. పని నేర్చుకుని ఇటు వచ్చి, కిరాయి గదిలో దుకాణం పెట్టాడు. ఆయన ప్యాంట్లు, షర్టులు కోసి కుట్టేవాడు. నేను కాజాలు, గుండీలు, చీరల ఫాల్స్ చూసుకునేదాన్ని. రాష్ట్రం వచ్చాక ఊరు పెరిగింది, చుట్టూ కంపెనీలు పెరిగాయి, షిఫ్టులకు పోయే పిల్లలంతా రెడీమేడ్ బట్టలకు అలవాటు పడ్డారు. పెళ్లి బట్టలకు మాత్రం మా గడపే తొక్కేవాళ్లు.

పెళ్లి బట్టలు కుట్టించుకున్న ప్రతి ఇల్లూ దర్జీకి ఒక కార్డు ఇస్తుంది. నాలుగు మూలలా పసుపు పెట్టి, మర్యాదగా రెండు చేతులతో ఇస్తారు. మీద వినాయకుడు ఉంటాడు, చెత్తలో వేయలేం. తురకల ఇళ్ల నుంచి వచ్చే వాటి మీద అల్లా పేరు ఉంటుంది, అవీ వేయలేం. అలా పారేయలేని కార్డులతో ఒక ట్రంకు పెట్టె నిండిపోయింది. ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు మా మంచం కిందే ఉన్నాయని నేను నవ్వేదాన్ని.

ఒకరోజు పొద్దున ఎవరిదో కాలరు కోస్తుంటే ఆయన చేతిలోంచి కత్తెర జారి కింద పడింది. వంగి తీయబోయి ఆయనా పడ్డాడు. లకువా అన్నారు పక్క దుకాణంవాళ్లు, పక్షవాతం అన్నారు దవాఖానలో. వంకర పోయిన మూతి సర్దుకుంది. మాట ముద్దముద్దగానైనా తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూ నడవసాగాడు. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని ఉండిపోయింది. దర్జీకి కుడి చెయ్యి పోతే ఏం మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

కసరత్తు చేయించడానికి దవాఖాన నుంచి వచ్చే అమ్మాయి చిన్నదే గానీ ఉన్నదున్నట్టు చెప్పేది. "ఈ వేళ్లు ఇప్పుడు తెరుచుకోవాలె అంకుల్. ఇడిసిపెడితే గిట్లనే బిగుసుకపోతయి, ఇగ మళ్ల రావు" అంది. రోజూ కత్తెర పట్టి తెరిచి మూస్తుండమంది.

ఆయన కత్తెర వైపు చూసి, "ఉత్తగనా?" అన్నాడు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. నేను చెబితే పక్కున నవ్వి, "అయితే ఏదన్న కొయ్యుండ్రి" అంది. గుడ్డ ముక్క ఇస్తే ఆయన ఒక్కసారి కోసి, ఆ వంకర అంచు చూసి, పక్కన పెట్టేశాడు. గుడ్డను ఖరాబు చేయడం ఆయన వల్ల కాదు. అప్పుడు నేను మంచం కింది పెట్టె లాగాను.

అలా మొదలైంది గ్రీటింగ్ కార్డుల పని. ఆ పిల్ల దాన్ని రిలాక్స్ అంది. ఆ మాట మా ఇంట్లోకి అప్పుడే వచ్చింది. అంతకుముందు పని లేకపోవడాన్ని ఖాళీగా ఉండటం అనేవాళ్లం, దానికి సిగ్గుపడేవాళ్లం కూడా. పెళ్లి కార్డుల మీది నెమళ్లను, కలశాలను, అరటి చెట్లను ఆయన మెల్లగా కోసేవాడు. కొత్త షర్టు మడతలో ఉండే గట్టి అట్టను నేను రెండుగా మడిచి, ఆ బొమ్మలు దాని మీద అంటించేదాన్ని. అంచుకు మిషన్ మీద రంగు దారంతో కుట్టు వేసి, మిగిలిన జరీ ముక్క, నాలుగు చమ్కీలు అద్దేదాన్ని. లోపల పుట్టినరోజు శుభాకాంక్షలు అని రాసేదాన్ని, నా కోడిగీతలతో. వాడకట్టు పిల్లల పుట్టినరోజులకు ఇచ్చాం. కసరత్తు పిల్లకు ఇస్తే ఫోనులో ఫొటో తీసుకుంది.

మొదట్లో నెమళ్లన్నింటికీ మెడలు తెగేవి. ఆ ముక్కలు తీసి నేను, "గీ నెమలిని సంపినవ్" అంటే ఆయన ఒక పక్క మూతితో నవ్వేవాడు. తర్వాత తర్వాత మెడలు నిలిచాయి. బొటనవేలు తనంత తాను పైకి లేవడం మొదలైంది. పొద్దంతా గుండీలు కుట్టి, మధ్యాహ్నం ఆయన ఎదురుగా కూర్చుని గమ్ము పూస్తుంటే నాకు నిజంగానే ప్రాణం హాయిగా ఉండేది. ఆ చెయ్యి వస్తుందని నేను నమ్మాను.

ఆ రోజుల్లోనే మా వదిన, అంటే ఆయన్ను పెంచిన అక్క, కూతురి పెళ్లి కార్డు తెచ్చింది. మూలలకు పసుపు, మాకు బొట్టు. "తమ్మీ, ఈ పెండ్లికి నువ్వు బట్టలు కుడుతలేవు. గదొక్కటే నా బాధ" అంది. ఆయన తల వంచుకున్నాడు. ఆ ఇంట్లో ఏ పెళ్లి బట్టలైనా ఆయన చేతి మీదుగానే పోయేవి. ఆమె బస్సెక్కి పోయాక చాలాసేపు ఆ కార్డునే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున కత్తెర అడిగాడు.

పిల్ల పేరు పైన, పిల్లగాడి పేరు కింద, మధ్యలో నాలుగు వరుసల తల్లిదండ్రుల వివరాలు. ఆయన ఆ రెండు పేర్లనూ విడివిడిగా కోశాడు. పొద్దున మొదలుపెడితే పొద్దు గూకింది. ఒక్క అక్షరం తెగలేదు. రెండు పేర్లనూ బంగారు రంగు అట్ట మీద పక్కపక్కన పెట్టించి, రెంటినీ కలుపుతూ ఎర్ర దారంతో కుట్టు వేయమన్నాడు.

"పసుపు పెట్టిన కార్డు కదా, పేర్లెందుకు కోసినవ్?" అన్నాను.

"కొయ్యకుంటే కుట్టుడెట్ల?" అన్నాడు.

దర్జీ బుర్ర అలాగే ఆలోచిస్తుంది. ముందు కోస్తారు, తర్వాత కలుపుతారు. కోయడం అనేది ఆయన లెక్కలో కలపడంలో సగం.

పెళ్లిలో ఆ కార్డు చేతులు మారింది. మా వదిన అందరికీ చూపించింది, "లకువా కొట్టిన చేతితోని చేసిండు నా తమ్ముడు" అని. అల్లుడు మంచి పిల్లగాడు, కంపెనీలో ఉద్యోగం. మా ఆయన కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుని, "మామా, దసరాకు నా షర్టు నువ్వే కుట్టాలె" అన్నాడు. మర్యాదకు అన్నాడో, మనసారా అన్నాడో గానీ మా ఆయన మాత్రం దాన్ని పట్టుకున్నాడు. పెళ్లి నుంచి ఇంటికి రాగానే పాత వార్తాపత్రికల మీద షర్టు గీసి కోయడం మొదలుపెట్టాడు. భుజం, చంక, చెయ్యి. వంకరలు తగ్గుతూ వచ్చాయి. ఇక గుడ్డ మీదికి పోవచ్చని కసరత్తు పిల్ల కూడా అంది.

దసరా రాకముందే అల్లుడు పోయాడు. డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వస్తుంటే హైవే మీద లారీ తగిలింది. పెళ్లి నాటి పందిరి గుంజల గుంతలు వదిన వాకిట్లో ఇంకా పూడలేదు.

దినాల నాడు కట్టంగూర్ పోయాం. తిండ్లు అయ్యాయి, చుట్టాలు వాకిట్లో కూర్చున్నారు. లోపలి నుంచి మా వదిన వచ్చింది. తమ్ముడి ముందు నిలబడింది. గట్టిగా కూడా అనలేదు.

"నా బిడ్డ పేరు, అల్లుని పేరు ఒక్క కాయిదం మీద కలిసి ఉండె. పసుపు పెట్టి నీ చేతుల పెట్టిన. కత్తెర పెట్టి ఏరు చేసినవు గదరా తమ్మీ."

 కొందరు చుట్టాలు అవునన్నట్టు తలలూపారు. నా ఒళ్లు మండింది. "లారీ నడిపినోన్ని అడుగు వదినె, కత్తెరను అడుగుతవేంది?" అన్నాను. "నువ్వు ఊకో" అంది ఆమె. అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు, దొరకని లారీ మీది ఏడుపంతా దొరికిన తమ్ముడి మీద పోసింది. ఆమె దుఃఖం నాకు తెలియక కాదు. కానీ తిట్టడానికి ఆమెకు ఆ చెయ్యే దొరికిందా అన్నదే నా మంట. ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, భుజం మీది తువ్వాల కింద దాచుకున్నాడు.

ఇంటికి రాగానే కత్తెరను గుడ్డలో చుట్టి సజ్జ మీద పెట్టించాడు. కార్డుల పెట్టె మంచం కిందికి పోయింది. బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనని బెదిరించాను. పక్కన గుండీలు, దారాలు అమ్మే భాయ్ వచ్చి, "కత్తెరతోని సావొస్తె దర్జీ ఇంట్ల ఎవడు బతుకుతడు భాయ్?" అన్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కసరత్తు పిల్ల వేళ్లు లాగుతుంటే కళ్లు మూసుకుని లాగించుకునేవాడు, తనంతట తాను మాత్రం ఒక్క వేలూ కదిపేవాడు కాదు. కొన్నాళ్లకు ఆ పిల్ల నన్ను వాకిట్లోకి పిలిచి, "ఇగ కష్టం ఆంటీ" అని చెప్పి వెళ్లింది.

నాకూ ఒకసారి అనిపించింది, ఆ పేర్లు కోయకుండా ఉంటే బాగుండేదేమోనని. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నమ్మని నాకే అలా ఉంటే, నమ్మే మనిషికి లోపల ఎలా ఉందో.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం మేనకోడలు ఒక్కతే వచ్చింది. దవాఖానకు పోతున్నానని తల్లికి చెప్పి వచ్చిందట. చిక్కిపోయింది, మెడ బోసిగా ఉంది. నీళ్లు తాగి, సంచిలోంచి రబ్బరు వేసిన కట్ట తీసింది. పంచగా మిగిలిన తన పెళ్లి కార్డులు.

"అమ్మ వీటిని ఉంచనియ్యది, పారెయ్యనియ్యది. దాగుడుమూతలాడినట్టు జాగలు మారుస్తుంటది" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "మామా, నువ్వు చేసిన కార్డు అమ్మ పొయ్యిల పెట్టింది. నాకు మళ్ల అసొంటిదే కావాలె. మా ఇంట్ల ఆయన పేరు ఎవ్వరు తియ్యరు. నేను తీస్తే లేచి పోతరు. పేరన్న నా దగ్గర ఉండాలె."

ఆయన తల అడ్డంగా ఊపాడు. పిడికిలి చూపించాడు. ఆమె నన్నడిగి, స్టూలు ఎక్కి, సజ్జ మీది నుంచి కత్తెర దించింది. గుడ్డ విప్పి ఆయన ఎదురుగా కూర్చుని, ఉత్త కత్తెర టకటకా ఆడించింది.

"ఆడియ్యకు!" అని అరిచాడు ఆయన. లకువా వచ్చాక ఆయన గొంతు అంత గట్టిగా నేను వినలేదు. ఎడమ చేత్తో కట్టలోంచి ఒక కార్డు లాగి, కత్తెర నోట్లో పెట్టాడు.

"అయితే నువ్వు కొయ్యి" అంది ఆమె.

కోయాలనే చూశాడు. నేను ఆ పిడికిలి విప్పి, బొటనవేలిని కత్తెర పిడిలోకి తోశాను. వేలు దూరింది గానీ కదల్లేదు. మొహం అంతా చెమట పట్టింది. మెడ మీద నరాలు లేచాయి. మొన్నటి దాకా నెమలి మెడ తెగకుండా కోసిన వేళ్లు అవి. కత్తెర బరువుకు చెయ్యి పక్కకు వాలిపోయింది. మేనకోడలు కత్తెర తీసుకుంది.

ఆయన ఆ కుడి పిడికిలిని కార్డు మీద పెట్టాడు, కాగితం కదలకుండా. "మెల్లగ కొయ్యి బిడ్డా. అక్షరం కాడ కత్తెర తిప్పకు, కాయిదం తిప్పు" అన్నాడు. ఆమె ముందు తన పేరు కోసింది. తర్వాత భర్త పేరు కోస్తుంటే చివరి అక్షరం కొంచెం తెగింది. ఇంకో కార్డు తీయనా అంటే వద్దంది. పేర్లు ఎడంగా పెట్టాలా దగ్గరగానా అని నేను అడిగితే, దగ్గరగా పెట్టు అత్తా అంది. నేను మిషన్ మీద ఎర్ర దారం ఎక్కించాను.

తల్లి కంట పడకుండా ఆ కార్డును సంచి అడుగున, బట్టల మడతలో పెట్టుకుని చీకటి పడకముందే బస్సెక్కింది. మిగిలిన కార్డులు మాకే వదిలేసింది. నేను గోరువెచ్చని నీళ్లు తెచ్చి, ఆయన చేతిని అందులో ముంచి, కసరత్తు పిల్ల చేసినట్టే వేళ్లు ఒక్కొక్కటీ విప్పాను. వదిలేయగానే మళ్లీ మూసుకున్నాయి.