మాస్టారికి వన్స్‌మోర్

మాస్టారు పోయారు. పోయిన వారం ట్రైనింగ్ సెంటర్‌లో పాఠం చెబుతూ కుర్చీలో కూర్చున్నారట, మళ్ళీ లేవలేదు. ఇక్కడ దోహాలో, మెసైమీర్ కూలీల క్యాంపు నుంచి మా వడ్రంగి మేస్త్రీ ఫోన్ చేశాడు. "సారూ, మన నాటకాల సారు పోయిండు" అన్నాడు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఇంగ్లండులో యౌవనమంతా రంగస్థలం మీద గడిపిన ఆంగ్లేయ నటుడు. టీవీ సీరియల్లో పల్లెటూరి డాక్టరు వేషం వేసి ఇంటింటికీ తెలిసిన మొహమయ్యారు. ఆ సీరియల్ రాసేవాళ్ళు కథలో డాక్టరును చంపేశారు. అంతే, మరో వేషం దొరకలేదు. ఎవరిని అడిగినా "మీరు ఆ చనిపోయిన డాక్టరు కదా" అనేవారట. చమురు డబ్బుతో దోహాలో హోటళ్ళు లేస్తున్న రోజులవి. హోటల్లో అతిథులు భోంచేస్తుంటే నాటకాలాడే బృందంతో వచ్చారు. బృందం వెళ్ళిపోయినా ఆయన ఉండిపోయి, ఆయిల్ కంపెనీ కుర్రాళ్ళకు ఇంగ్లీషు చెప్పుకుంటూ బతికారు.

శుక్రవారాలు మా చేత నాటకాలు ఆడించేవారు. నేను తెనాలి వైపు వాణ్ణి, ఆఫీసులో గుమాస్తాను. తెర పక్కన నిలబడి మాటలందించడం నా పని. జగిత్యాల మేస్త్రీ స్టేజీ కట్టేవాడు. మాటలు మర్చిపోయినవాణ్ణి మాస్టారు ఏమీ అనేవారు కాదు, తోటివాడి మాట వినకుండా దిక్కులు చూసేవాణ్ణి మాత్రం చెడామడా తిట్టేవారు. "మాట్లాడటం ఎవడైనా చేస్తాడు, వినడమే నటన" అనేవారు. నాటకానికి ముందు బూట్లు విప్పి, ఉత్తి కాళ్ళతో ఆ చెక్కల మీద ఒకసారి నడిచేవారు. మేస్త్రీకి అది తెగ నచ్చేది.

ఒకసారి క్యాంపు ఆవరణలో ఆయనే ముసలి ఓడ కెప్టెన్ వేషం వేశారు. చివర్లో చుక్కాని పట్టుకుని ప్రాణం వదలాలి. వదిలారు. ముందు వరసల్లోని మన కరీంనగర్ వాళ్ళు ఒక్కసారిగా లేచి "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అంటూ ఈలలు వేశారు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా వాళ్ళకు ఆ చావు అర్థమైంది. ఆయన మాత్రం వెక్కిరింత అనుకున్నారు. తెర వెనక్కి వచ్చి, పాలిపోయిన మొహంతో, "నాకు చావడం కూడా చేతకాలేదా?" అన్నారు.

"అయ్యో, అది కాదు మాస్టారూ! మా నాటకాల్లో అంతకు మించిన మర్యాద లేదు. చచ్చినవాడు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడిపోతాడు."

"చచ్చినవాడు లేస్తాడా?"

"జనం అడిగితే లేస్తాడండీ."

మేస్త్రీ అప్పటికే తెర తాడు పట్టుకున్నాడు. "యల్లా సారూ, జల్ది నడువుండ్రి, జనం ఆగుతలేరు!"

ఆయన వెళ్ళి మళ్ళీ చనిపోయారు. ఈసారి నాకే ఏడుపొచ్చింది. లోపలికొచ్చి, "అక్కడ నన్ను ఒక్కసారి చంపి వదిలేశారు. మీవాళ్ళు రెండోసారి అడిగారు" అన్నారు.

ఆ సాయంత్రం ఆయనలో ఆశ పుట్టింది. పుట్టకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. ఆ తర్వాత ప్రతి వేసవి సెలవులకూ లండన్ వెళ్ళి వేషం కోసం తిరిగారు. చిన్నదైనా సరే, అక్కడి స్టేజీ మీద ఒక్కటంటే ఒక్క వేషం కావాలి ఆయనకు. తిరిగొచ్చాక ఏమైందని అడిగితే "మాఫీ" అనేవారు, లేదు అనడానికి ఇక్కడి అరబ్బీ మాట. మొదట్లో నవ్వుతూ అనేవారు. తర్వాత తల తిప్పుకుని అనేవారు. ఈ ఏడాది అసలు వెళ్ళనే లేదు.

ఆయన్ని శవపేటికలో లండన్ పంపించారు. అక్కడ ఎవరు దించుకున్నారో, ఎవరైనా వచ్చారో లేదో మాకు తెలియదు.

నిన్న శుక్రవారం, మేస్త్రీ క్యాంపులో వీసీఆర్ పెట్టాడు. ఆ డాక్టరు చనిపోయే భాగం, మాస్టారు ఎప్పుడో ఇచ్చిన క్యాసెట్. అందరం చాపల మీద కూర్చుని చూశాం. డాక్టరు రోగిని చూడ్డానికి వెళ్ళి, అలసిపోయి ఇంటికొచ్చి, మంచం మీద వాలి కళ్ళు మూశాడు. వెనక నుంచి ఎవరో మెల్లగా "వన్స్‌మోర్" అన్నారు.

మేస్త్రీ క్యాసెట్ వెనక్కి తిప్పాడు. మాస్టారు కళ్ళు తెరిచారు. దిండు మీంచి తల లేచింది. గబగబా లేచి నిలబడి, వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయారు. మేస్త్రీ వేలు ఆ బొత్తాం మీదే ఉండిపోయింది, తీయలేకపోయాడు. చివరికి తీశాడు. తలుపు తెరుచుకుంది. మాస్టారు లోపలికొచ్చి, మళ్ళీ ఆ మంచం వైపే నడిచారు.