సరోజమ్మ చెప్పిన ఒకే ఒక్క జవాబు

బస్సు కృష్ణా నది వంతెన ఎక్కగానే కిటికీలోంచి బురద వాసన వచ్చింది. వేసవిలో నీళ్ళు వెనక్కి పోయిన చోట ఎండుతున్న బురద వాసన. ఒడిలోని సంచిని గట్టిగా పట్టుకున్నాను. ఆ వాసన తగిలితే సరోజమ్మ చల్లని చెయ్యి నా మణికట్టును పట్టుకున్నట్టే ఉంటుంది.

సరోజమ్మది గద్వాలలో మా పక్కిల్లు. కూతురు మీనాను బడి మాన్పించి ఇంట్లోనే చదివించేది. మగ్గానికి నూలు కండెలు చుట్టుకునే నన్ను, యాభై దాటాక, ఆ పిల్ల పక్కనే కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. ఆమెది ఒకటే పద్ధతి. జవాబు చెప్పదు. నేను ఒక అక్షరం దగ్గర ఆగిపోతే, తాను పోయి బట్టలు ఆరేసి వచ్చేది. "నేను చెప్తే అది నాదైతదక్కా, నీది గాదు" అనేది. వాడకట్టు ఆడవాళ్ళు మాత్రం "ఆమెకే రాదేమోనే" అని నవ్వేవాళ్ళు.

ఒక వేసవిలో ముగ్గురం మ్యూజియం చూసి, అటు నుంచి సోమశిల దగ్గర నీటి ఒడ్డుకు పోదామని బయలుదేరాం. మ్యూజియంలో ఒక చెక్కిన రాయి కింద చిన్న పలక ఉంది. సరోజమ్మ నన్ను చదవమంది. వెనక కాపలా ఆయన తాళాలు ఆడిస్తున్నాడు.

"అమ్మా, జల్ది కానీయుండ్రి. నా సద్ది సల్లబడ్తది."

"సద్ది ఇంకేం సల్లబడ్తదన్నా? జర ఆగు" అంది సరోజమ్మ. మీనా చెప్పబోతే దాని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. నీట మునిగిన ఊరి గుడి రాయి అని చివరికి చదివాను.

"ఆ ఊరు ఇప్పుడు ఏడుందమ్మా?" అంది మీనా.

"నువ్వే దేవులాడు."

ఒడ్డుకు చేరేసరికి, నీళ్ళు తగ్గిన నేల మీద దూరంగా ఒక మొండిగోడ కనిపించింది. "గదే ఊరు!" అంటూ మీనా ఉరికింది. పైకి పెచ్చులు కట్టి ఎండిన నేల. అడుగున ఏముందోనని నాకు భయం వేసింది. "పిలువు సరోజా" అన్నాను.

"అదే సూస్కుంటదక్కా."

అంతలోనే పిల్ల మోకాలిదాకా దిగబడింది. ఆ కాలు లాక్కోబోతే రెండో కాలు తొడదాకా పోయింది. నేను ఉరకబోతే సరోజమ్మ నా మణికట్టు పట్టేసింది. "వద్దు. మనమూ దిగబడ్తం." మీనా ఏడవలేదు, చుట్టూ చూస్తోంది. సరోజమ్మ పెదవి విప్పడం లేదు.

"చెప్పు సరోజా! చెప్పవేందే?"

బురద నడుముకు వచ్చింది. అప్పుడు మీనా చూపు తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. సరోజమ్మ ఇంకా ఆగింది. ఉన్నట్టుండి అరిచింది.

"బోర్ల పండుకో! చేతులు సాపు! కాళ్ళు మెల్లగ గుంజు!"

మీనా బురద మీద బోర్లా పడుకుని, ఉడుములాగా పాకుతూ గట్టినేలకు వచ్చింది. వస్తూనే తల్లి మీదికి లేచింది. "ఎట్ల రావాల్నో నేనే సోచాయిస్తుంటి గదమ్మా! నువ్వెందుకు చెప్పినవ్?"

సరోజమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచి, ఆ బురదతోనే ఒళ్ళోకి లాక్కుంది.

తిరుగు బస్సులో మీనా నిద్రపోయాక సరోజమ్మ మెల్లగా అంది. "చెప్పకుంట ఆగుడే చదువనుకున్ననక్కా. పిల్ల నా మొఖం సూసినంక గూడ ఆగిన."

సరోజమ్మ ఇప్పుడు లేదు. కండెలు చుట్టడం అయిపోయాక మా అరుగు మీద కొందరు ఆడవాళ్ళకు నేను అక్షరాలు చెబుతున్నాను. నిన్న లక్ష్మి ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆమె పెదవులు కదిలినంతసేపు నేను నోరు విప్పలేదు. తర్వాత ఆమె పలక మీద నుంచి కళ్ళెత్తి నా ముఖంలోకి చూసింది.

చెప్పేశాను.