తాళం వేసిన ఇల్లు చూపించిన మనిషి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. బ్రోకర్ల మీద అంతకన్నా లేదు. అయినా పోయిన ఎండాకాలం పుంగనూరులో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దయ్యాలతో పని లేకపోయినా, ఇల్లు కొనేవాళ్లకైనా పనికొస్తుంది.

మా అక్క సదుంలో టీచరు. అమ్మానాన్న కూలికి పోయి చదివించారు. ఇంట్లో మొదటి జీతం తనదే. అద్దె ఇళ్లకు పోతే ఓనర్లు ముందు “మీరేమిటోళ్లమ్మా?” అని కులం అడుగుతారు. జవాబు విన్నాక ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. నాలుగిళ్లు అట్లా అయ్యాక, ఇక కొనేదే అని అక్క పట్టు పట్టింది.

మునెప్ప అనే బ్రోకరు ఫోన్లో పుంగనూరులో ఒక ఇల్లు చెప్పాడు. అమ్మేది అన్నదమ్ములిద్దరు, తొందరలో ఉన్నారు, కాబట్టి మేమేమిటోళ్లమో ఎవరూ అడగలేదు. పొద్దున పదకొండుకు పోయాం. తలుపు తీసే ఉంది. చంకలో కాగితాల కవరుతో ఒకాయన గడపలో నిలబడి ఉన్నాడు. మునెప్పే అనుకున్నాం.

ఇల్లు చూపించిన తీరుకే నాకు అనుమానం రావాల్సింది. బ్రోకరన్నవాడు లోపం దాస్తాడు. ఈయన వేలు పెట్టి చూపించాడు. వంటింటి గోడకు వానాకాలం చెమ్మ దిగుతుందన్నాడు. ఎండల్లో బోరు ఎట్లుంటుందో పక్కింట్లో అడగమన్నాడు. చివరకు అక్కతో అన్నాడు:

“అడ్వాన్సు ఇచ్చేకి తొందరపడొద్దమ్మా. ఈ అన్నదమ్ములకు తోడబుట్టిన ఆడబిడ్డ ఒకతి ఉండాది, సరోజమ్మ అని. కుప్పంలో రైల్వే గేటుకాడ బట్టలు కుడతాది. ఆయమ్మ సంతకం లేకుండా కొనొద్దు.”

మేము హద్దు రాయి చూద్దామని వీధిలోకి వచ్చాం. ఆయన రాలేదు. అంతలో స్కూటర్ ఆపి ఇంకొకాయన దిగాడు. “లేటయిందమ్మా, నేనే మునెప్పను,” అని జేబులోంచి తాళంచెవి తీశాడు. వెనక్కి చూస్తే తలుపుకు తాళం వేలాడుతోంది.

ఫోను తీసి చూసుకున్నాను. వంటింటి ఫోటోలు మూడున్నాయి, చెమ్మ మరకతో సహా. ఆయన ఒక్కదాంట్లోనూ లేడు. నేను తీసింది గోడను, కాబట్టి దీన్ని దయ్యం ఖాతాలో వేయలేను.

మునెప్ప తాళం తీశాక లోపలికి పోయాం. ఎవరూ లేరు. గోడకు చనిపోయిన ఇంటి యజమాని, ఆ అన్నదమ్ముల నాన్న ఫోటో, దండ వేసి ఉంది. ‘చూస్తే ఆయనే’ అని రాస్తానని ఎదురుచూస్తుంటారు. కాదు. పోలికే లేదు. పక్కింటామెకు ఆనవాళ్లు చెప్తే అట్లాంటి మనిషిని ఎప్పుడూ చూడలేదంది.

కుప్పం ఆడబిడ్డ మాట ఎత్తగానే మునెప్ప ముఖం మాడింది. “మీకెవురు చెప్పినారు?” అన్నాడు.

“మీరే అనుకున్నామప్పా,” అన్నాను.

వారసుల సర్టిఫికెట్లో రెండే పేర్లు చూపించాడు. సంతకం పెట్టేస్తే అక్కకు ఇల్లు. పైగా రేపే ఇంకో పార్టీ వస్తాండాదని బెదిరింపు. అక్క రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి కుప్పం బస్సెక్కుదామంది.

గేటు పక్కన బట్టలు కుట్టే సరోజమ్మ ఉంది. ఇష్టపడి పెళ్లి చేసుకుందని వారసుల్లోంచి ఆమె పేరు కొట్టేశారట. ఇల్లు అమ్ముతున్నారనే ఆమెకు తెలీదు.

తర్వాత వాళ్లల్లో వాళ్లు అరుచుకుని, చివరకు మూడు సంతకాలూ పడ్డాయి. ఇప్పుడు అక్క ఆ ఇంట్లోనే ఉంది. ఇల్లు కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సర్టిఫికెట్ చూసి ఊరుకోకండి. ఆ ఇంట్లో పిల్లలెంతమందో వీధిలో అడగండి.

ఆ రోజు కుప్పంలో సరోజమ్మ మిషను ఆపి, తన సంగతి మాకు చెప్పిన మనిషి ఎట్లుండాడని అడిగింది. బక్కగా, ఎడమ చెవికి పోగుతో ఉన్నాడని, మెల్లగా మాట్లాడతాడని అక్క చెప్పింది. ఆమె వేలికి దారం చుట్టుకుంది. ఎవరమ్మా అని అడిగాం.

“నన్ను గురించి ఏమన్నా అడిగినాడా?” అంది.

“బాగుండాదా అని అడిగినాడమ్మా,” అన్నాను.

ఆయన అడగలేదు. ఇందులో నేను కల్పించింది ఆ ఒక్క మాటే.