గోళ్లకు పట్టిన కామెర్లు

గోళ్లరంగు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నేను అక్కడినుంచి లేచి వెళ్లిపోతాను.

అరవైలలో మా అన్న బెంగళూరు పిల్లను పెళ్లి చేసుకుని మా ఊరు ముదిగుబ్బకు తెచ్చాడు. వదిన పెట్టెలో ఎర్ర రంగు సీసా ఉండేది. గోళ్లకు ముందు రంగులేని పూత ఒకటి వేసి, దానిమీదే ఎరుపు వేయాలని, నడుమ కొన్నాళ్లు గోళ్లను ఖాళీగా వదలాలని పుట్టింట్లో పక్కింటావిడ ఆమెకు చెప్పిందట. రంగే లేని సీసా ఎందుకని దాన్ని అక్కడే వదిలేసి వచ్చింది మహాతల్లి! ఎండాకాలమంతా ఇద్దరం పూత మీద పూత పూసుకున్నాం.

విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే నా గోళ్ల రంగు పెచ్చులు గింజల్లో రాలాయి. అవ్వ తిట్టిపోసి, బ్లేడు ఇచ్చి రంగంతా గీకించింది. కింద గోళ్లు చీము రంగులో ఉన్నాయి. వదిన తన చేతులు కొంగులో దాచుకుంది.

"కామెర్లప్పా! పిల్లకు కామెర్లు తగులుకున్యాయి!" అని అవ్వ గుండెలు బాదుకుంది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా అవ్వకు ఆ రోగం లేకుండానే కనిపించింది.

పసరు మందాయన వచ్చాడు. నా కళ్లు చూడలేదు, నాలుక చూడలేదు. ఏదో ఆకు నమిలి, గుడ్డలోకి ఉమ్మి, ఆ పసరు నా ముక్కులో పిండాడు. ఛీ! ఆయన ఎంగిలి నా గొంతులోకి దిగింది. ఆపైన ఉప్పులేని చప్పిడి కూడు. ఎన్నాళ్లయినా గోళ్లు తెల్లబడలేదు.

"పసరుకు లొంగలా. మణికట్టు మింద వాత పెట్టాల," అని ఆయన ఇనుప కడ్డీ పొయ్యిలో పెట్టాడు.

"రోగం కాదవ్వా, అది రంగు మరక!" అని ఏడ్చాను.

"నువ్వు పూసుకునింది ఎరుపు గదే? పచ్చ యాడ్నుంచి వస్తాది?" అంది అవ్వ.

పొరుగువాళ్లిద్దరు నా చేయి గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడు వదిన వంటింట్లోంచి పరుగున వచ్చింది. అందరి ముందూ తన బొటనవేలి రంగు బ్లేడుతో గీకి చూపించింది. "చూడండవ్వా, నాకూ ఇట్లే ఉండాది. అడుగు పూత లేకుండా వేసిన ఆ రంగు వల్లే!" అంది. నా ప్రాణం లేచి వచ్చింది.

మందాయన ఆమె వేలు వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఈయమ్మకు గూడ అంటుకునింది," అన్నాడు. "ఇంగో కడ్డీ పెట్టండి."

ముందు వదినకే కాల్చారు.