తువ్వాల కింద పాఠం

వనపర్తి పల్లీల మిల్లులో మా కంపెనీ పెట్టిన కంప్యూటర్ లెక్కల ప్రోగ్రామును ఒక్క గుమాస్తా కూడా ముట్టుకోవడం లేదు. ఈసారి వెళ్లి దాన్ని నడిపించకపోతే నా ఉద్యోగం పోతుందని మేనేజరు తేల్చేశాడు. నేను నేర్పిన రోజున మాత్రం అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. మరి ఎక్కడ చెడిందో తెలియక, గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో నా బుర్ర జొన్నరొట్టె కాల్చుకునేంతగా వేడెక్కింది.

పక్కన కృష్ణమ్మంత వెడల్పు మీసాలున్న ఎద్దుల దళారి కూర్చున్నాడు.

"ఏంది సారూ, గంత పరేషాన్ల ఉన్నవ్?"

"నేను నేర్పింది ఎవరూ వాడటం లేదయ్యా."

"నేర్పుడంటే గిట్లుండాలె. జర చెయ్యి ఇటియ్యి."

నా చేతి మీద తువ్వాల కప్పి, సంతలో ఎద్దు ధరను పక్కవాడికి తెలియకుండా వేళ్లతో ఎలా చెప్పుకుంటారో నేర్పసాగాడు. ఒక వేలు నొక్కాడు, రెండు కలిపి పిసికాడు, అరచేతిలో ఏదో గీశాడు. నా ఎముకలు పల్లికాయల్లా పటపటలాడాయి.

"సమజైందా?"

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ బస్సంతా మావైపే చూస్తోంది. అంత ప్రేమగా నేర్పిన మనిషితో అర్థం కాలేదని ఎలా అనను?

"అయింది," అని తలూపాను.

ఆయన మురిసిపోయి పెబ్బేరులో దిగాడు. కిందున్న స్నేహితుడికి కిటికీలోంచి నన్ను చూపించాడు.

"గా సారుకు మొత్తం నేర్పిన. మస్తు హుషారు మనిషి, ఒక్క డౌటు గూడ అడుగలె!"

ఆ రోజు మిల్లు గుమాస్తాలు కూడా నన్ను ఒక్క డౌటూ అడగలేదు.