గడ్డం సందున గాలి

పంటకాలవ నీళ్లు దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాటల్లో సగం తరుగు తీసేసి వినడం మా ఊళ్లో అందరికీ అలవాటు. ఈసారికి తరుగు తీయకండి. ఇది మా బావ ప్రాణం సంగతి.

బావ, అంటే మా చెల్లి మొగుడు, రొయ్యల చెరువులకి ఐసు పంపే ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్. నేను అక్కడే గేటు గుమాస్తాని. నీళ్లని గడ్డ కట్టించేది అమ్మోనియా. పైపుల్లో ఉన్నంతసేపూ దానంత బుద్ధిమంతురాలు లేదు. బయటపడిందా, తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది: కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు. పోయినచోటల్లా కాలుస్తుంది. అందుకని ఆఫీసు గోడకి ఒక గ్యాస్ మాస్క్ తగిలించారు. నల్ల రబ్బరు మొహం, రెండు గాజు కళ్లు, మూతి దగ్గర డబ్బా. ఐసు కోసం వచ్చే ఆడవాళ్లు దాన్ని దిష్టిబొమ్మ అనుకుని, "మా ఇంటికీ ఒకటి తెప్పించండి" అనేవారు. ఓసారి దాన్ని పెట్టుకుని కాలవ గట్టెక్కితే, ఈదుతున్న గేదె నన్ను చూసి ఈత మర్చిపోయి, నీళ్ల మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డెక్కింది.

మాస్క్ అమ్మిన కంపెనీ ఇంజినీరు హైదరాబాదు నుంచి వచ్చి వాడకం నేర్పాడు. డబ్బాలో మందు పట్టించిన బొగ్గు ఉంటుందట. పీల్చినప్పుడు అమ్మోనియా ఆ బొగ్గుకి చిక్కుకుపోయి, మిగిలిన గాలి లోపలికి వస్తుంది. వదిలిన గాలి వేరే రెక్క తోసుకుని బయటికి పోతుంది. ఆకుపచ్చ డబ్బా అమ్మోనియాకే. ఇంకో విషానికి ఇంకో డబ్బా.

"ఇది గాలిని కడుగుతుందండి, పుట్టించదు. గ్యాసు మరీ దట్టంగా ఉంటే ఇది చాలదు. వీపుకి సిలిండర్ కట్టుకునే రకం కావాలి" అన్నాడు. ఆ రకం మా దగ్గర లేదు.

తర్వాత మాస్క్ తొడిగి, డబ్బాకి అరచెయ్యి అడ్డం పెట్టి పీల్చమన్నాడు. రబ్బరు చెంపలకి అతుక్కుపోవాలి. నాకు అతుక్కుంది. బావకి బుస్సుమంది.

"గడ్డమండి. ఆ సందుల్లోంచి గాలి దూరిపోతోంది. తీసేయించండి."

"కుదరదండి. మా ఆవిడకి ఏడో నెల."

"ఆవిడకి ఏడో నెలైతే మీకు గడ్డం ఏంటండి?"

అందరం పగలబడి నవ్వాం. పెళ్లాం కడుపుతో ఉంటే, పురుడు వచ్చేదాకా మొగుడు మంగలి కత్తి తగలనివ్వకూడదు. అది మా ఇళ్ల ఆచారం. పాపం ఆయనకేం తెలుసు?

"బావా, ఆ గడ్డం చూస్తే పురుడు నీకే వచ్చేలా ఉంది. గీయించెయ్" అన్నాను.

"మీ అమ్మ చేత ఒక్క మాట చెప్పించు. ఇప్పుడే కూర్చుంటా."

అమ్మని అడిగాను. "రెండుసార్లు నిలవలేదు దానికి. ఇంకో రెండు నెల్లు ఓపిక పట్టలేరేంట్రా మీ మగాళ్లు?" అంది.

బావే ఉపాయం కనిపెట్టాడు. గడ్డానికి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, మాస్క్ తొడిగి పీల్చాడు. "చూశావా, బుస్ కొట్టట్లేదు!" అన్నాడు. తగ్గింది చప్పుడు మాత్రమే.

ఓ మధ్యాహ్నం పైపు జాయింటు ఊడింది. తెల్లగా పొగ. తడి తువ్వాళ్లు మూతికి అడ్డం పెట్టుకుని అందరం గేటు బయట పడ్డాం. బావ ఒక్కడే గాలి ఎటు వీస్తోందో చూశాడు. వెనక వీధిలోకి. ఆ వీధిలో మొదటి ఇల్లు వాళ్లదే. ఆ వేళకి చెల్లి నిద్రపోతూ ఉంటుంది.

"ఆగు బావా, ఫైరింజను వస్తోంది."

"అది వచ్చేలోగా వీధి నిండిపోద్ది. వాల్వు కట్టేసొస్తా. నువ్వెళ్లి మీ చెల్లిని లేపు." చేతికి దొరికిన నూనె రాసుకుని, మాస్క్ బిగించి లోపలికి పోయాడు.

చెల్లిని లేపి, పక్క వీధిలోంచి దూరంగా చేర్చి తిరిగొచ్చేసరికి పొగ పల్చబడింది. వాల్వు మూతపడింది. కాసేపటికి బావ నడుచుకుంటూ వచ్చాడు. పంపు కింద తల పెట్టి, ఎర్రటి కళ్లతో నన్ను చూసి నవ్వాడు. "పుట్టేవాళ్లకి నీ కబుర్లు చెప్పకు బావా, నిజమనుకుంటారు" అన్నాడు.

ఈ పంపు దగ్గరి ముక్క నేను కల్పించాను. బావ నడిచి రాలేదు. వాల్వు పక్కనే పడి ఉంటే ఫైరు వాళ్లు మోసుకొచ్చారు. మాస్క్ మొహానికే ఉంది. గొంతు కాలిపోయి, ఆస్పత్రిలో పోయేదాకా ఒక్క మాటా పెగల్లేదు. పాడె మీద కూడా ఆ గడ్డంతోనే పడుకున్నాడు. చెల్లికి ఇంకా పురుడు రాలేదని అమ్మ గీయనివ్వలేదు.

పుట్టింది ఆడపిల్ల. "నాన్న నీతో ఏమన్నాడు మావయ్యా?" అని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. వినీ వినీ ఆ పంపు దగ్గరి ముక్క దానికి కంఠతా వచ్చేసింది. ఎక్కడైనా ఒక మాట అటూ ఇటూ అయితే, "నాన్న అలా అనలేదు మావయ్యా" అని నన్నే దిద్దుతుంది.